ఎర్రగుడ్డ కట్టిన ఏటిగడ్డ పువ్వు

ఉప్పుపాలెం,
కాకినాడ దగ్గర.
4 జూలై 2024.

రాయమల్లు కాకకు,

రాజరాజేశ్వరి రాస్తున్నాను. ఏ రాజరాజేశ్వరి అని అడిగావంటే ఊరుకోను. గోదావరిఖనిలో మీ పక్క క్వార్టరు, గని ఓవర్‌మన్ గోపాలరావు గారి అమ్మాయిని. నీ సైకిలు గొలుసు రెండుసార్లు తెంపి, తెంపలేదని ఒట్టు పెట్టిన దాన్ని. నాన్న పోయినప్పుడు నువ్వూ సారవ్వ చిన్నమ్మా వచ్చి వెళ్ళారు. అప్పుడే ఆరేళ్ళయింది.

ఫోన్ చేద్దామనుకున్నాను. నీకిప్పుడు ఫోన్లో మాట అందడం లేదని తెలిసింది. ముప్పై ఏళ్ళు బొగ్గుబాయిలో మందుగుండు పేల్చిన చెవులు మరి. తెర మీద చిన్న అక్షరాలు చూస్తే నీకు చిరాకట. అందుకే ఇలా కాగితం పట్టాను. నవ్వకు, పదేళ్ళయింది నేను ఉత్తరం రాసి.

నేనిప్పుడు మడ అడవి అంచున ఒక చిన్న నర్సరీలో పనిచేస్తున్నాను. మడ మొక్కలు పెంచి, ఏటి ఒడ్డున నాటిస్తాం. ఈ ఒడ్డునే ఒక అడవి పువ్వు ఉండేది. మా వాళ్ళు ఏటిగడ్డ పువ్వు అంటారు. ఆకులు మొక్కజొన్న ఆకుల్లా పొడుగ్గా ఉంటాయి. మధ్యలోంచి నిటారుగా కాడ లేస్తుంది, దాని కొసన గుత్తిగా తెల్లని పూలు. సన్నని రేకులు, ఎర్రని కేసరాలు. సాయంత్రమైతే ఒడ్డంతా వాసన. అమ్మ చిన్నప్పుడు బారులుగా పూసేవట. ఇప్పుడు ఒడ్డంతా రొయ్యల చెరువులే. చివరి మూడు మొక్కలూ పోయిన ఏడాది పోయాయి.

మొన్న బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో అమ్మకు గోదావరిఖనిలో బెంగగా ఉంటోందని నాన్న ఇక్కడి నుంచి ఒక గడ్డ తెచ్చి, క్వార్టరు వెనక కుళాయి నీళ్ళు పారే చోట పాతాడు. నీకు గుర్తుందా? అది బతికుంటే, మా ఏటి మొక్కల్లో నాకు తెలిసి మిగిలింది అదొక్కటే.

కాకా, వెళ్ళి చూస్తావా? ఉంటే మాత్రం తవ్వకు, పూల కాలంలో ఆ జాతికి అది పడదు. పూలు రాలాక ఆకుపచ్చని కాయలు ఉబ్బుతాయి. వాటంతట అవి పగిలేదాకా ఎవరూ ముట్టుకోకుండా చూడు. ఆ గింజలు నాకు కావాలి. చిన్నమ్మకూ చెప్పు, ఆవిడ కన్ను నీకన్నా చురుకు.

నీ
రాజీ


గోదావరిఖని,
ఆగస్టు 6.

బిడ్డా రాజీకి రాయమల్లు కాక దీవెనలు.

నీ ఉత్తరం అందింది. పోస్ట్‌మన్ నా ముఖం వంక అనుమానంగా చూసి ఇచ్చిపోయాడు. ఇంటికి ఉత్తరం రావడం అతనికీ కొత్తే.

గొలుసు తెంపింది నువ్వేనని నాకు అప్పుడే తెలుసు. మీ నాయన ముఖం చూసి ఊరుకున్నాను.

నేను రిటైరయి నాలుగేళ్ళు. క్వార్టరు ఖాళీ చేసి, దగ్గర్లోనే రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. మనం ఉన్న వరుసల్లో ఇప్పుడు సగం ఖాళీ. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గని అటువైపుకు జరుగుతున్నది, డిసెంబరులో అన్నీ కూలుస్తారట. అందుకని నీ మాట చదివిన రోజే జల్దిగా పోయి చూశాను.

ఉన్నది బిడ్డా. మీ వంటింటి కిటికీ కింద, గోడ పక్కన. కుళాయి ఎన్నడో ఎండిపోయింది కాని పైపు పగిలి ఆ మూల ఎప్పుడూ తడిగా ఉంటుంది. చుట్టూ పిచ్చి తుమ్మ పెరిగి మనిషి పోకుండా ఉన్నది. నా లుంగీ చిరిగింది, ఆ బాకీ నీ మీదే. ఒక కాడకు పూలు వచ్చి వాడిపోతున్నాయి. దాని పక్కన ఇంకొక కాడ మొలుస్తున్నది. మీ అమ్మ దాని పక్కన పీట వేసుకొని కూరగాయలు తరిగేది. అక్కడ కొంతసేపు నిలబడ్డాను. నీతో అబద్ధం ఎందుకు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇక కాపలా సంగతి. తుమ్మ కొట్టేస్తే మేకలు వస్తాయి, ఉంచితే నేను పోలేను. తుమ్మ కొట్టేసి, గనిలో చేసిన పనే చేశాను. అక్కడ మందు పేలకుండా మిగిలిపోయిన చోట, కప్పు దిగుతున్న చోట కట్టెలు అడ్డం పెట్టి ఎర్రగుడ్డ కడతాం. దాన్ని చూసినవాడు ఎంత తాగి ఉన్నా ఆ గుడ్డ దాటడు. అట్లాగే నాలుగు వెదురు కట్టెలు పాతి చుట్టూ ఎర్రగుడ్డ కట్టాను. ఇది బొగ్గుబాయి కాలనీ, ఎర్రగుడ్డంటే ఏమిటో ఎవరికీ చెప్పే పని లేదు. నువ్వు ఫికర్ పెట్టుకోకు.

నీ
కాక


ఉప్పుపాలెం,
ఆగస్టు 17.

కాకా,

నీ ఉత్తరం చదివి నర్సరీలో అందరి ముందూ ఏడ్చాను. మా మేనేజరు సంధ్యారాణి గారు ఎవరో పోయారనుకుని నీళ్ళ గ్లాసుతో పరుగెత్తుకొచ్చింది. పోలేదండీ, బతికుంది అన్నాను. ఆవిడకేమీ అర్థం కాలేదు.

లుంగీ బాకీ తప్పకుండా తీరుస్తాను. మొదటి కాడకు కాయలు పడుతున్నాయా? చిన్న ఉసిరికాయంత అయ్యాక రోజూ చూడు. చిన్నమ్మ ఏమంటోంది? నేను అడిగానని చెప్పావా?

నీ
రాజీ


గోదావరిఖని,
సెప్టెంబరు 12.

బిడ్డా రాజీ,

ఒక తమాషా జరిగింది.

వానలకు మోకాలు పట్టేసి పది రోజులు అటు పోలేదు. మొన్న పోయి చూస్తే నా నాలుగు కట్టెలకూ పసుపు రాసి ఉన్నది. మొక్క ముందర ఒక రాయి, రాయికి కుంకుమ బొట్లు, కొబ్బరి చిప్పలు, రెండు అగరుబత్తి పుల్లలు. నా పాత గుడ్డ మీద ఎవరో కొత్త ఎర్ర జాకెట్టు ముక్క కట్టారు. తుమ్మ కొట్టిన చోట రాత్రికి రాత్రే ఎన్నడూ చూడని మొక్క, చుట్టూ ఎర్రగుడ్డ. కాలనీ ఆడవాళ్ళు అమ్మవారు వెలిసిందనుకున్నారు.

బాయిలో దిగేవాళ్ళకు ఎర్రగుడ్డ ప్రమాదం. ఇంట్లో ఉండేవాళ్ళకు అది అమ్మవారు. ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా ఈ సంగతి నాకు తట్టలేదు.

చెబుదామనుకున్నాను. మళ్ళీ ఆలోచిస్తే ఇంతకన్నా మంచి కాపలా ఎక్కడ దొరుకుతుంది? మేక రాదు, పిల్లలు బంతి కూడా అటు వేయరు. రోజూ ఎవరో చెంబెడు నీళ్ళు పోస్తున్నారు. మొదటి కాడకు ఐదారు కాయలు నిలిచాయి. రెండో కాడ మొగ్గ మీద ఉన్నది. నేను దండం పెట్టినట్టు పెట్టి, కాయలు చూసుకొని వస్తున్నాను.

నీ
కాక


ఉప్పుపాలెం,
సెప్టెంబరు 21.

కాకా,

నవ్వి నవ్వి కడుపు నొప్పి. చెప్పకు, అలాగే ఉండనీ. అమ్మవారే కాపాడుకుంటుంది. నెల రోజులు గడిస్తే చాలు.

చిన్నమ్మ గురించి రెండుసార్లు రాశాను. నువ్వు రెండుసార్లూ దాటేశావు. ఆవిడ ఒంట్లో బాగానే ఉందా?

నీ
రాజీ


గోదావరిఖని,
అక్టోబరు 14.

బిడ్డా,

ఇక్కడ అంతా క్షేమం. సద్దుల బతుకమ్మ బాగా జరిగింది. నాలుగు రోజుల నుంచి ముసురు. మోకాలు నొప్పి ఉన్నది. సారవ్వ ఆరోగ్యం బాగుంది. మొక్క ఉన్నది.

కాక


ఉప్పుపాలెం,
అక్టోబరు 20.

కాకా,

నీ ఉత్తరం ఆరు వరుసలు. అందులో మోకాలుకో వరుస, మొక్కకో వరుస. కాయల మాట లేదు.

ఏం జరిగిందో రాయి. ఎంత చెడ్డ సంగతైనా సరే. తెలియకుండా ఇక్కడ కూర్చోలేకపోతున్నాను.

రాజీ


గోదావరిఖని,
అక్టోబరు 25.

బిడ్డా రాజీ,

కాయలు పోయాయి. రెండు కాడలూ కోసేశారు. నీకు ఎట్లా రాయాలో తెలియక పోయినసారి ముసురు గురించి రాశాను. సిగ్గుగా ఉన్నది.

సద్దుల నాడు పొద్దున్నే పోయి చూసినప్పుడు కాయలు ఉబ్బి ఉన్నాయి, రెండో కాడ నిండుగా పూసింది. సాయంత్రం ఆడవాళ్ళు బతుకమ్మలు పట్టుకొని పోతుంటే వాకిట్లో నిలబడ్డాను. తంగేడు, గునుగు, బంతి వరుసలు పేర్చి, అన్నిటికన్నా పెద్ద బతుకమ్మ నడినెత్తిన మన తెల్లని పూలు, కాయలతో సహా. ఆ బతుకమ్మను ఎత్తుకున్నది మీ చిన్నమ్మ.

ఇంటికి వచ్చాక అడిగాను. నాకు వినపడదు కాబట్టి నేను ఎంత గట్టిగా అరుస్తానో నాకే తెలియదు. వాడకట్టంతా బయటికి వచ్చిందట. ఎవరు కోశారని అడిగాను. సారవ్వ తప్పించుకోలేదు. నా చెవికి నోరు ఆనించి చెప్పింది.

“నేనే కోసిన. నీ చెవులు మంచిగ గావాలని అమ్మకు మొక్కిన. నలభై దినాలు నీళ్ళు పోసిన. మొక్కు తీరే దినం అమ్మ పువ్వు బతుకమ్మ మీద పెట్టిన. ఏం తప్పు జేసిన?”

ఆ చెంబెడు నీళ్ళు పోసింది, ఆ జాకెట్టు ముక్క కట్టింది ఆమేనట బిడ్డా. నేను పొద్దున పోయి కాయలు చూసి వచ్చేవాణ్ణి, ఆమె మాపటికి పోయి నా చెవుల కోసం మొక్కి వచ్చేది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. మీ అమ్మ పెంచిన గడ్డ తుమ్మల్లో ఎన్నడో చచ్చిపోయిందనుకున్నదట.

అప్పుడు నీ ఉత్తరాలు తెచ్చి ఆమె ముందర పెట్టాను. మహిళా సంఘంలో సంతకం కోసం నేర్చుకున్న చదువు ఆమెది. కూడబలుక్కుంటూ గంటసేపు చదివింది. ‘చిన్నమ్మకూ చెప్పు’ అన్న చోట వేలు పెట్టి నా వైపు చూసింది. మళ్ళీ చెవి దగ్గరికి వచ్చింది.

“గిన్ని ఉత్తరాలు రాస్తవు. నాకొక్క మాట చెప్పరాదా? చెవులు నీకు పోయినయి. నాకు పోలే గదా?”

చెవులు పోయినప్పటి నుంచి నేను మాట్లాడటం కూడా మానేశాను. వినపడనివాడికి మాటలెందుకు అనుకున్నాను. నేను మాట్లాడితే వినేవాళ్ళు ఉన్నారని ఆలోచించలేదు.

నువ్వు ఆమెను ఏమీ అనకు. తప్పు నాది. నేను నోరు మూసుకోవడం వల్ల నీ పువ్వు పోయింది.

కాక


ఉప్పుపాలెం,
అక్టోబరు 30.

కాకా,

ముందు చిన్నమ్మకు నా దండాలు చెప్పు. ఇప్పుడే, ఇక్కడ చదవడం ఆపి చెప్పు.

చెప్పావా? అయితే ఇక విను. నేనూ నీకొక సంగతి దాచాను. చివరి మూడు మొక్కలూ పోయాయని రాశాను కదా, వాటిని రొయ్యల చెరువులు మింగలేదు. నేను చంపాను. అటువైపు చెరువు గట్టు వేస్తారని తెలిసి, పూల మీద ఉన్న మొక్కల్ని ఆగలేక తవ్వేశాను. తెచ్చి కుండీల్లో పెట్టి, బతకాలన్న ఆత్రంతో పూటపూటా నీళ్ళు పోశాను. రెండు వారాల్లో మూడూ కుళ్ళిపోయాయి. గట్టు ఇంతవరకూ వేయలేదు. తవ్వకపోతే ఈపాటికి అక్కడే ఉండేవి. అందరికీ రొయ్యల చెరువుల పేరు చెప్పాను, నీకూ అదే రాశాను. రాత్రిళ్ళు నిద్ర పట్టనిది దానికే. ఆ పువ్వును మళ్ళీ ఆ ఒడ్డున పెట్టేదాకా నా మనసు కుదుటపడదు.

చిన్నమ్మ చేసిన తప్పేముంది? ఆవిడ మొక్కుకుంది. నేను తెలిసినదాన్నై ఉండి చంపాను.

ఇప్పుడు తొందరగా చేయాల్సిన పని. ఉబ్బి ఉన్నాయన్నావు, పగలడానికి రోజుల్లో ఉన్న కాయలవి. ఈ గింజకు మిగతా గింజల్లా గట్టి పెంకు ఉండదు. చిన్న ఆలుగడ్డలా మెత్తగా, పచ్చగా ఉంటుంది. నీళ్ళ మీద తేలుతుంది, మునగదు. మట్టి లేకపోయినా సరే, తడి తగిలితే పడున్నచోటే వేరు వేస్తుంది. ఏరు ఎటు తోస్తే అటు పోయి నాటుకునే జాతి అది.

బతుకమ్మలు ఎక్కడ వదిలారు? ఆ పూలు ఇప్పుడు ఎక్కడున్నాయి? వెళ్ళి వెతుకు. ఒక్కడివే వెళ్ళకు.

రాజీ


గోదావరిఖని,
నవంబరు 6.

బిడ్డా రాజీ,

నీ ఉత్తరం సారవ్వకు గట్టిగా చదివి వినిపించాను. నువ్వు దాచిన సంగతి వచ్చినప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పాపం, ఎంత బాధపడ్డదో పోరి” అన్నది. పెదవులు చూసి అర్థం చేసుకున్నాను. తర్వాత చెప్పులేసుకొని బయలుదేరింది. నన్ను రమ్మని కూడా అనలేదు, ఆడవాళ్ళను పిలవడానికి మా వాడకట్టు మల్లక్క ఇంటికి పోయింది.

మా వాడకట్టు బతుకమ్మలు గని నీళ్ళు నిలిచిన పాత గుంతలో వదిలారు. తెల్లారి పూలన్నీ పైకి లాగి, గట్టు మీద కుప్ప పోశారు. నెల దగ్గర పడుతున్నది కదా, కుప్ప నల్లగా మురిగి, దాని నుంచి పొగలు వస్తున్నాయి. వాసన సంగతి నేను రాయను.

పద్నాలుగు మంది ఆడవాళ్ళు వచ్చారు. వీళ్ళకు నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. అమ్మవారు కాదు, నా పాత గుడ్డ అంటే ఏమంటారో. సారవ్వ ముందుకు జరిగి అంతా చెప్పింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. అందరూ ఒకసారి నా వైపు తిరిగి చూశారు, అది మాత్రం కనపడింది. ఎనభై ఏళ్ళ ఐలవ్వ కట్టె పొడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి ముఖం మీద చెయ్యి ఊపి ఏదో అన్నది. సారవ్వ నా చెవిలో మళ్ళీ చెప్పింది. “గుడ్డ నీదైతే ఏంది, పువ్వు అమ్మది గాదా అంటున్నది.”

ఆ మాట అని ఐలవ్వే ముందుగా కుప్పలో చెయ్యి పెట్టింది.

మధ్యాహ్నం దాకా ఏమీ దొరకలేదు. తంగేడు పుల్లలు, మురిగిన గునుగు, కుళ్ళిన గుమ్మడాకులు. నేను నడుము పట్టుకొని కూర్చున్నాను, గింజలు ఇక దొరకవనుకున్నాను. అప్పుడు సారవ్వ కుప్ప అడుగున, నీళ్ళు ఊరే వైపు, ఏదో పట్టుకొని లేచింది. అరిచేతిలో పెట్టి నా ముఖం ముందర చాపింది. గోలీకన్నా కాస్త పెద్దగా పచ్చని గడ్డ. దాని నుంచి చిటికెన వేలంత తెల్లని వేరు బయటికి వచ్చి ఉన్నది.

అక్కడే ఇంకా వెతికితే మొత్తం తొమ్మిది దొరికాయి. రెండు మెత్తబడి పోయాయి. ఏడు గట్టిగా ఉన్నాయి.

మూడు సారవ్వ ఉంచుకుంటానన్నది. సరేనన్నాను. నాలుగు నీవి. పార్శిల్ వేద్దామంటే ఒప్పుకోలేదు, పోగొట్టిన చేతులతోనే ఇచ్చి వస్తానంటున్నది. తడి గోనెపట్టలో చుట్టి, నేను డ్యూటీకి పట్టుకపోయిన టిఫిన్ డబ్బాలో పెట్టాము. మూతకు బెజ్జాలు కొట్టాను. వచ్చే సోమవారం బస్సెక్కుతాం. ఇద్దరం వస్తున్నాం.

కాక


ఉప్పుపాలెం,
19 జనవరి 2025.

కాకా,

మీరిద్దరూ వెళ్ళి రెండు నెలలు దాటినా నర్సరీలో ఇంకా మీ మాటలే. చిన్నమ్మ మడ బురదలో మోకాళ్ళ లోతు దిగి “మా బొగ్గు బురద కంటె నయమే” అన్న మాటను సంధ్యారాణి గారు వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది.

నాలుగింటిలో ఒకటి పోయింది. దాచను, ఇక ఏదీ దాచకూడదని అనుకున్నాను కదా. మూడింటికి రెండేసి ఆకులు. ఈసారి మొక్కల మీద నీళ్ళు పోయడం లేదు, కుండీ కింద పళ్ళెంలో పోస్తే కావలసినంత అవే పీల్చుకుంటున్నాయి. వానలు పడగానే వాటిని ఏటి ఒడ్డుకు తీసుకెళ్తాను. రొయ్యల చెరువు ఆసామి దగ్గరికి వెళ్ళి, ఆ మూడు మొక్కలూ నేనే చంపానని చెప్పి, ఆ ఒడ్డున నాలుగు గజాలు వదిలిపెట్టమని అడిగాను. ఆరు గజాలు వదులుతానన్నాడు. నాలుగు అడగడమే ఎక్కువనుకున్నాను, ఆరు అనేసరికి థ్యాంక్స్ చెప్పడం కూడా మర్చిపోయి వచ్చేశాను.

పాత గడ్డ ఎలా ఉంది? నేను చెప్పినట్టే పూలు లేనప్పుడు, మట్టితో సహా తీశారా?

నీ
రాజీ


గోదావరిఖని,
ఫిబ్రవరి 9.

బిడ్డా రాజీకి సారవ్వ చిన్నమ్మ రాసేది.

ఈ ఉత్తరం నేనే రాస్తున్న. మూడు దినాలు పట్టింది. తప్పులుంటే నువ్వే సక్కగ చదువుకో. ఆయనకు చూపియ్యలే, చూపితే దిద్దుకుంట కూసుంటడు.

క్వార్టర్లు సంక్రాంతి అయినంక కూల్చిన్రు. అంతకుముందే పాత గడ్డను నువ్వు చెప్పినట్టె మట్టితోని తీసినం. పద్నాలుగు మందిమి తలా ఒక చెయ్యి ఏసినం. ఇప్పుడు మా గోడ పక్కన ఉన్నది. ఆకులు పసుపు రంగుకు తిరిగినయి. బతుకుతదో లేదో తెల్వదు. నా మూడు గింజలు మాత్రం మూడూ లేచినయి. ఒకటి మల్లక్కకు, ఒకటి ఐలవ్వకు ఇచ్చిన. మళ్ళ ఒక్క తాననే పెడితే మళ్ళ ఒక్కసారే పోతయి గదా. ఎర్రగుడ్డ కట్టలే. ఎందుకు పెంచుతున్నమో వాడకట్టుల అందరికి చెప్పినం, అదే కాపలా.

ఆయన చెవులు రాలే. దవాఖానల మిషన్ ఇచ్చిన్రు, పెట్టుకుంటే గరగర సప్పుడయితదని తీసి డబ్బాల ఏసిండు. అమ్మ చెవులు ఇయ్యలే గాని నోరు ఇచ్చింది. ఇప్పుడు పొద్దున లేస్తే ఒకటే ముచ్చట. బాయిల ఏమైంది, మీ నాయన ఏమన్నడు, ఎన్నడూ చెప్పనియి చెప్తున్నడు. జర ఆగుమంటె వినపడదు. నాకు తల నొస్తున్నది బిడ్డా, కాని ఆపుమని మొక్కను.

నువ్వు ఒక్క పని చెయ్యాలె. గిప్పటిసంది ఉత్తరం మీద ఇద్దరి పేర్లు రాయి. ముందుగాల నాది రాయి. పోస్ట్‌మన్ నా చేతికే ఇయ్యాలె.

సారవ్వ